ప్రభుత్వం ఎవరి సొమ్ము?

లేఖారచన పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు ఉపాధ్యాయుడు అర్జీ నమూనా ఒకటి నల్లబల్లపై వ్రాస్తాడు. పైన ఊరిపేరు, తేదీ. దాని దిగువ అధికారిగారి హోదా. ఆ తరువాత 'తమ సముఖమునకు వినయపూర్వకముగా వ్రాసుకొను విన్నపము' అని ఆరంభం. చివర 'తమ దయకు పాత్రుడనగు విధేయుడు' అని ముగింపు. ఇంచుమించు ముప్పది ఏండ్లుగా నేనూ ఆ నమూనానే చెప్పుతున్నాను. నా గురువులు నాకు చెప్పినదీ అదే.

కొంతకాలం క్రిందట ఒక పరీక్షలో, 'మీ ఊరి మంచినీటి ఇబ్బందిని గూర్చి అధికారికి అర్జీ వ్రాయండి' అని ప్రశ్న ఇచ్చాను. దుర్గి ప్రాంతం నుంచి వచ్చి చదువుకొంటున్న ఒక విద్యార్థిని చక్కగా వ్రాసింది. కుళాయి ఎన్నాళ్ళనుంచి రావడం లేదో, ఎన్ని ఇండ్లకు నీరు అందడం లేదో, ఆడవాళ్ళు ఎంత దూరం నడిచి పోవలసి వస్తున్నదో అన్నీ వివరంగా ఉన్నవి. కాని దయ అనే మాట ఎక్కడా లేదు. విధేయురాలు అనే మాటా లేదు. నమూనా తప్పినది గనుక ఒక మార్కు తగ్గించాను. మరునాడు ఆ అమ్మాయి కాగితం పట్టుకొని వచ్చి, "మాస్టారూ, నీళ్ళు ఇవ్వడం వారి పనే గదండీ. వారి పనిని వారిని చేయమనడానికి దయ ఎందుకండీ?" అని అడిగింది. అది మర్యాద అన్నాను. "మర్యాద తప్పలేదండీ. మొదటనే గౌరవనీయులైన అని వ్రాశాను. దయ ఒక్కటే వ్రాయలేదు" అన్నది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె అడిగినది మార్కు కాదు. మనం ప్రభుత్వానికి చెందినవారమా, ప్రభుత్వం మనకు చెందినదా అని అడిగింది. రాజనీతిశాస్త్రం చదివినవారు ఈ ప్రశ్నకు పెద్ద గ్రంథాలు తిరగవేస్తారు. నేను భాషా బోధకుణ్ణి, పైగా పల్నాటివాణ్ణి. నాకు తెలిసిన మాటలలోనూ, నేను తిరిగిన నేలలోనూ జవాబు వెదకుకొన్నాను.

మాటలు మొదట చూతాము. ప్రభువు యొక్క భావం ప్రభుత్వం. అంటే దొరతనం. సంస్కృతంలో ప్రజ అంటే సంతానం అని అర్థం. రాజు తండ్రి, జనులు బిడ్డలు అనే భావం ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నది. పారసీకం నుంచి వచ్చిన సర్కారు అనే మాట కూడ పనికి అధిపతిని చెప్పేదే. మన పాలకవ్యవస్థకు మనం పెట్టుకొన్న పేర్లన్నీ పై నుంచి క్రిందికి చూచేవే గాని, క్రింది నుంచి పైకి చూచేవి కావు. పురంలో నివసించేవాడు అనే అర్థమిచ్చే పౌరుడు అన్న మాట ఒక్కటే కొంత సమంగా నిలుస్తుంది. కాని పల్లెలలో ఆ మాట వాడేవారెవరు? మాటలు ఇలా ఉన్నప్పుడు అర్జీ వేరొక విధంగా ఎలా ఉంటుంది?

ఇక నేల సంగతి. పల్నాటి వీరుల కథ తెలియని తెలుగువాడుండడు. ఏటా కార్తికంలో కారెంపూడిలో వీరారాధన జరుగుతుంది; వీరవిద్యావంతులు ఆ కథలను పాడుతారు. నాగులేటి ఒడ్డున జరిగిన ఆ పోరాటం పన్నెండవ శతాబ్దం నాటిదని చెప్పుతారు. బాలచంద్రుని శౌర్యమూ, బ్రహ్మనాయుని ధర్మమూ, నాగమ్మ చాతుర్యమూ మనకు కంఠస్థం. కాని ఆ కథను ఒక్కసారి మాచర్ల పౌరుని పక్షాన నిలిచి వినండి. అనుగురాజు కొడుకులు రాజ్యాన్ని పంచుకొన్నారు. నలగామరాజుకు గురజాల, మలిదేవరాజుకు మాచర్ల వచ్చినవి. తండ్రి ఆస్తిని బిడ్డలు పంచుకొన్నట్లే పంపకం జరిగినది. పొలాలతోపాటు మనుషులూ వాటాలలో పడినారు. పిమ్మట కోడిపందెం వచ్చినది. పందెంలో ఒక కోడి ఓడినది. మాచర్ల రాజు ఏడేండ్లు అరణ్యవాసం పోయినాడు. మాచర్ల జనం గురజాల వారి ఏలుబడిలోకి పోయినారు. గడువు తీరిన తరువాత వాటా అడగడానికి రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలియైనాడు. ఆ పైన యుద్ధం.

ఇన్ని మలుపులలో ఒక్కచోటనైనా మాచర్ల జనాన్ని, 'మీకు ఎవరి ఏలుబడి ఇష్టం?' అని అడిగినవారు లేరు. ఎలా అడుగుతారు? సొమ్మును సొంతదారు ఇష్టం అడగడు గదా. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టినాడనీ, మాలకులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనలో పెద్ద స్థానమిచ్చినాడనీ కథ చెప్పుతుంది. అది ఆ కాలానికి గొప్ప సాహసం. అయినను ఒకే పంక్తిలో కూడు తిన్నవారికి ఏలుబడిలో మాట మాత్రం లేదు. యుద్ధంలో ప్రాణమిచ్చే అర్హత ఉన్నది. యుద్ధం వద్దనే అధికారం లేదు. మనుషులు రాజ్యానికి చెందడమంటే ఇది.

అయితే మన ప్రాచీనులకు ఈ ఒక్క భావమే తెలుసునని అనుకోరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఒక ప్రసంగం ఉన్నది. పెద్దచేప చిన్నచేపను మ్రింగే మాత్స్యన్యాయంతో విసిగిన జనులు మనువును రాజుగా చేసుకొని, ధాన్యంలో ఆరవ వంతు, సరకులలో పదవ వంతు అతనికి భాగంగా ఏర్పరచినారట. ఆ భాగం తీసుకొన్న రాజు వారి యోగక్షేమాలు చూడవలెను. ఈ లెక్కన పన్ను కప్పం కాదు. కాపుదలకు ఇచ్చే జీతం. ఇటువంటి భావాన్నే 1689లో ఇంగ్లండులో జాన్ లాక్ మరొక విధంగా చెప్పినాడు: పాలకులకు అధికారం ప్రజలు నమ్మి అప్పగించిన న్యాసం, ఆ నమ్మకం వమ్ము చేసినవారికి అది నిలువదు. మనకు ఈ భావం గుడి ధర్మకర్త వలన సులభంగా తెలుస్తుంది. మాచర్ల చెన్నకేశవస్వామి మాన్యానికైనా, మరే గుడి మాన్యానికైనా ధర్మకర్త తాళపుచెవులు పట్టుకొంటాడు, లెక్కలు వ్రాస్తాడు. కాని మాన్యం అతనిది కాదు. తాళపుచెవి చేతిలో ఉన్నంత మాత్రాన భోషాణం తనదే అనుకొన్న ధర్మకర్తను ఊరు ఏమంటుందో మనకు తెలుసు.

గ్రంథాలలో ఉన్న ఈ మాట పల్నాటి పశువులకాపరి నోట వచ్చిన సందర్భం ఒకటి ఉన్నది. అదే పుల్లరి ఉద్యమం.

పల్నాడు నాపరాళ్ళ సీమ. సాగరు నీరు రాకపూర్వం వానను నమ్ముకొన్న మెట్టపైరూ, అడవిని నమ్ముకొన్న పశువులూ ఇక్కడి బ్రతుకుకు ఆధారం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినది. ఆ చట్టం క్రింద అడవులను రిజర్వు అడవులుగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి లభించినది. తాతల నాటినుంచి పశువులు మేసిన గట్టు ఒకనాటి ఉదయానికి సర్కారు సొత్తు అయినది. అరి అంటే పన్ను. పుల్లరి అంటే పసుల మేతకై చెల్లించే పన్ను. పుల్లరి కట్టనివాని గొడ్డు బందెలదొడ్డికి పోవలసినదే. కట్టెపుల్ల ఏరుకొన్నా, ఆకు కోసుకొన్నా అటవీశాఖ సిబ్బంది చేతిలో చిక్కవలసినదే.

1921లో సహాయనిరాకరణం దేశమంతటా సాగుతున్నప్పుడు పల్నాటి పల్లెలు పుల్లరి కట్టబోమన్నవి. అంతటితో ఆగలేదు. పన్నుల కోసం వచ్చిన ఉద్యోగులకు వంటసరకులు ఇవ్వలేదు. చాకలివారు బట్టలు ఉతకలేదు. మంగలివారు క్షౌరం చేయలేదు. విచారణకై వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారినీ, వేదాంతం నరసింహాచార్యులుగారినీ ప్రభుత్వం నిర్బంధించినది. ఉన్నవవారు రాయవేలూరు జైలులో కూర్చుండి వ్రాసినదే మాలపల్లి. అధికారం ఎవరిది అనే ప్రశ్నను ఆ నవల మాల రామదాసు ఇంటి వాకిటిలో నిలబెట్టినది. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించడంలో ఆశ్చర్యమేమున్నది?

ఆ నాళ్ళలోనే, అప్పటి గుంటూరు జిల్లాలోనే సముద్రం వైపున మరొక ఊరు అదే ప్రశ్నను మరొక రీతిలో అడిగినది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి తమ ఇష్టానికి వ్యతిరేకంగా పురపాలక సంఘం చేసి పన్ను భారం పెంచినందుకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన జనం ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరం అనే పేర పాకలు వేసుకొని నెలల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసినారు. ఊరు ప్రభుత్వానిదైతే ఊరిని ప్రభుత్వమే ఉంచుకోవచ్చు; మనుషులు మాత్రం దానివారు కారు. వారు చెప్పదలచినది ఇదే.

పల్నాటి కథ విషాదంగా ముగిసినది. చౌరీచౌరా సంఘటన తరువాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం శాసనోల్లంఘనను నిలిపివేసినది. ఆ నెలలోనే మించాలపాడులో పుల్లరి ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకి గుండ్లకు నేలకొరిగినాడు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు, రైతు. దుర్గి మండలంలోని కోలగట్ల, మించాలపాడు గ్రామాలలో నేటికీ ఆయన పేరు పెద్దలు పిల్లలకు చెప్పుతారు. ఆయన అడిగినది సూటి ప్రశ్న: మా అడవిలో మా గొడ్డు మేస్తే నీకు పన్ను ఎందుకు? ఆ 'ఎందుకు' అన్న మాటకు జవాబు చెప్పవలసిన బాధ్యత తనకున్నదని ఆనాటి ప్రభుత్వం అనుకోలేదు. జవాబుకు బదులు గుండు వచ్చినది.

ప్రభుత్వం మనదా కాదా అని తేల్చడానికి ఇంతకంటె మంచి గీటురాయి నాకు కనిపించలేదు. ఎందుకు అని అడిగినప్పుడు జవాబు చెప్పవలసినవాడు సేవకుడు, చెప్పనక్కరలేనివాడు యజమాని.

1950 జనవరి 26న యాజమాన్యం కాగితం మీద మారినది. మన రాజ్యాంగ పీఠికలో మాట్లాడేది రాజు కాదు, పార్లమెంటు కాదు, ప్రజలే. వ్యాకరణం చెప్పేవాడిగా ఒక్క సంగతి గమనించమంటాను: ఆ పీఠిక అంతా ఒక్క వాక్యం, ఆ వాక్యానికి కర్త ప్రజలు, అది నడిచేది ఉత్తమపురుష బహువచనంలో. పీఠిక చదివే ప్రతి విద్యార్థీ తానే ఆ వాక్యానికి కర్తనని గుర్తుంచుకోవలెను. తరువాతి కాలంలో ఆ యాజమాన్యానికి కొన్ని పనిముట్లు కూడ వచ్చినవి. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు ఇచ్చినది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఎందుకు అన్న ప్రశ్నకు సామాన్యంగా ముప్పది రోజులలో జవాబు ఇచ్చి తీరవలెనన్నది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకొన్న ఆదివాసులకూ, తరతరాలుగా అక్కడ బ్రతుకుతున్న ఇతరులకూ చారిత్రకంగా అన్యాయం జరిగినదని తన పీఠికలోనే ఒప్పుకొన్నది. హనుమంతు నేలకొరిగిన ఎనభైనాలుగు ఏండ్లకు ఒక చట్టం నోట ఆ మాట వినవచ్చినది.

కాగితం మారినా అలవాటు మారలేదు. నా చిన్ననాట మా ఊరి పెద్దలు నాచేత అర్జీలు వ్రాయించుకొనేవారు. ఒక వితంతువు పింఛను కోసం వ్రాయించుకొంటూ, "తమరే తల్లీ తండ్రీ అని వ్రాయి నాయనా, కాళ్ళకు మ్రొక్కుతున్నానని వ్రాయి" అన్నది. వ్రాశాను. ఆ పింఛను నిబంధన ప్రకారం ఆమెకు రావలసినదే అని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. తెలిసినవారు ఆ కార్యాలయంలో బల్లకు ఆవలి వైపున ఉన్నారు, వారు చెప్పలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి ఆమె ఎన్నిసార్లు లోపలికి పోయి వచ్చినదో లెక్క లేదు. హక్కును దయగా మార్చడం ఇంత సులభం. ఇచ్చేవాడు అలా అనుకొంటే చాలదు. పుచ్చుకొనేవాడు కూడ అనుకోవలెను. ఆ అనుకోవడం నేర్పేది ఎవరు? నల్లబల్లపై నమూనా వ్రాసే నావంటివారే.

ఇంతవరకు పాఠకులు నాతో ఏకీభవించి ఉంటారు. ఇక రెండవ వైపు చూడవలసి ఉన్నది. అది కొంచెం చేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచారు. కుడి కాలువ మన పల్నాటి మెట్టను మాగాణి చేసినది. ఆ కాలువ వెంట ఎవరైనా ఒక పంటకాలం నడిచి చూడండి. పైన ఉన్నవాడు అదనంగా తూము ఎత్తుకొంటాడు. మరొకడు గట్టుమీద ఇంజను పెట్టి తోడుకొంటాడు. రాత్రివేళ గండి పడుతుంది. చివరి భూముల రైతు ఎండిన మడిలో నిలబడి పైకి చూస్తూ ఉంటాడు. తూము ఎత్తినవాణ్ణి అడిగితే, "సర్కారు కాలువే గదా" అంటాడు. సర్కారు అనే పరాయివాడెవడో ఉన్నాడనీ, వాని నుంచి చేజిక్కినంత పుచ్చుకోవడం తప్పు కాదనీ అతని భావం. కాని ఆ నీరు సర్కారు పొలంలోది కాదు. క్రింది ఊరిలో తనకు వరుసకు బావో తమ్ముడో అయ్యేవాని పొలంలోది.

ఇక్కడ మన భాష మనకొక సహాయం చేస్తుంది. ఇంగ్లీషువారికి లేని తేడా ఒకటి తెలుగులో ఉన్నది: మా అనేది వేరు, మన అనేది వేరు. ఎదుటివానిని విడిచిపెడితే మా, కలుపుకొంటే మన. వేదిక ఎక్కి మా ప్రభుత్వం అనే నాయకుడు వినేవారిని వెలుపల నిలబెడుతున్నాడు. మా కులంవాడు, మా పక్షంవాడు పదవిలో ఉన్నాడు గనుక ప్రభుత్వం మాది అనే ఓటరు కూడ అదే పని చేస్తున్నాడు. కాలువ నాది అనేవాడు సరేసరి. ప్రభుత్వం నాది అంటే దోపిడి. మాది అంటే ముఠా. మనది అన్నప్పుడే అది ప్రజాస్వామ్యం. మన అనే మాటలో చివరి భూముల రైతు ఉన్నాడు, రామదాసు ఉన్నాడు, అర్జీ వ్రాయించుకొన్న ఆ వితంతువూ ఉన్నది. ఆ ఒక్కరిని విడిచినా ఆ మాట మా అయిపోతుంది.

కనుక మనం ప్రభుత్వానికి చెందినవారమా అన్న ప్రశ్నకు, కాదు అనే నా జవాబు. మనం ఎవరికైనా చెందితే ఒకరికొకరం చెందుతాము. ఊరి చెరువు ఏ ఒక్కరిదీ కాదు. అయినా పూడిక తీయడానికి ఇంటికొక మనిషి రావలెను, నీరు వంతులవారీగా పారవలెను, వంతు తప్పినవానిని పదిమందీ అడగవలెను. ప్రభుత్వం అటువంటి చెరువు. పన్ను ఎగవేసి ప్రభుత్వం మనదనే హక్కు లేదు. జీతం ఇవ్వనివాడు పని అడగలేడు. అలాగే పన్ను కట్టి నోరు మూసుకొన్నవాడూ యజమాని కాలేడు. 1997లో మన రాష్ట్రంలో చట్టం చేసి కాలువల మీద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పరచినది ఈ ఉద్దేశంతోనే. రైతులు కూడి కూర్చుని, తమ నీటి లెక్క తామే చూచుకొన్నప్పుడే ఆ ఉద్దేశానికి ప్రాణం వస్తుంది. సంతకాల పుస్తకంలో మాత్రం మిగిలితే కాలువ మరల సర్కారుదే అవుతుంది.

ఇక అధ్యాపక మిత్రులకు ఒక మనవి. అర్జీ పాఠం చిన్నది. ఒక్క గంటలో అయిపోతుంది. ఆ గంటలో నేను ఇప్పుడు చెప్పే నమూనా ఇది. 'గౌరవనీయులైన' అని సంబోధన ఉండనివ్వండి. అధికారి కూడ మనలోనివాడే, మర్యాదకు అర్హుడే. జరిగినదేమో తేదీలతో వ్రాయమనండి. ఏ నిబంధన ప్రకారం ఆ పని జరగవలెనో తెలుసుకొని వ్రాయమనండి. తెలియకపోతే ఆ నిబంధన తెలుపమని అడగమనండి. నాకు అనే చోట మాకు అందరికీ అని వ్రాయదగినదేమో ఆలోచించమనండి. జవాబు ఎన్ని రోజులలో కావలెనో అడగమనండి. చివర దయ అనే మాటకు బదులు, ఇట్లు అని వ్రాసి పేరు, ఊరు చేర్చి సంతకం చేస్తే చాలు.

ఆ విద్యార్థినికి తగ్గించిన మార్కు తిరిగి వేశాను. ఆ అర్జీని శుభ్రంగా తిరగవ్రాసి, ఆ వీధివారందరి సంతకాలు చేయించి నిజంగానే పంపమన్నాను. ఆమె వ్రాసింది. నాకు చూపించడానికి తెచ్చినప్పుడు ఒక వాక్యం అదనంగా ఉన్నది: కుళాయి బాగుపడిన తరువాత నీరు వృథా కాకుండా చూచే బాధ్యత మా వీధివారిది అని. ఆ వాక్యం నేను చెప్పినది కాదు.